ఇంటి లెక్కలు: అమ్మకు బచ్చలిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రెండూ చేసి చూశాను. పెద్దలు మూడోది ఒకటి చెప్పడం మరిచిపోయారని మొన్నీ మధ్యనే తెలిసింది. కాపురం ఉన్న ఇంట్లో బచ్చలిల్లు పగలగొట్టించి చూడు! మూడు వారాల పాటు, చెంబూ తుండుగుడ్డా పట్టుకొని పక్కింటి వాకిట్లో వంతు కోసం నిలబడితే, మనిషికి వినయమంటే ఏమిటో తెలిసి వస్తుంది.

ఈ శీర్షిక క్రమం తప్పకుండా చదివే మీకు మా ఇంటి సంగతులు కొత్త కాదు. కొత్తగా పత్రిక అందుకొంటున్న వారి కోసం ఒక్క మాట. మాది కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, నాగలమడిక వైపు ఒక పల్లె. పటం తీసి చూస్తే మా తాలూకాను దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉంటుంది. ఒకప్పుడు ఆ చుట్టూ ఉన్నదంతా అనంతపురం జిల్లాయే. 2022 ఏప్రిల్ నుంచి కొంత శ్రీ సత్యసాయి జిల్లా అయింది. మా కాగితాలు కన్నడంలో, మా కబుర్లు తెలుగులో. స్నానాల గదిని మా వాళ్ళు బచ్చలిల్లు అంటారు. కన్నడంలో బచ్చలు మనె. రెండు భాషలూ ఒకే చోట స్నానం చేస్తాయన్నమాట.

నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పాల లెక్క, కరెంటు లెక్క, చిట్టీల లెక్క అన్నీ నోటుబుక్కులో ఉంటాయి. అయినా మా ఇంట్లో ఒక లెక్క చాలాకాలంగా తప్పుతోంది. అది నా కంట పడలేదు. మా అమ్మ రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతోందన్న లెక్క.

అమ్మకు డెబ్భై తొమ్మిదేళ్ళు. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున వరండాలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు నాలుక చూశారు, చేతి మీద చర్మం పట్టి చూశారు, మూత్రపరీక్ష రాశారు. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆయన నావైపు తిరిగి, "మీ అమ్మగారు రోజుకు ఎంత నీళ్ళు తాగుతారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ దగ్గర ఉంది.

"పొద్దున కాఫీతో ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నంలోకి ఒక గ్లాసు. పొద్దు వాలితే చుక్క ముట్టదు" అంది.

ఎందుకని అడిగితే అమ్మ మొహం గోడవైపు తిప్పుకొంది. రెండో రోజు రాత్రి మా ఆవిడ దగ్గర బయటపడింది. "నీళ్ళు తాగితే పోవాల గదా అమ్మీ. ఆ మెట్లెక్కి, ఆడ కూర్చొని, మళ్ళా లేచేదెట్ల? రాత్రిపూట ఎవుర్ని లేపేది?"

మా మరుగుదొడ్డి పెరట్లో ఆ చివర, బావి గట్టు దాటాక ఉంది. మూడు మెట్లు. లోపల గొంతుకూర్చునే పింగాణీ బేసిన్. గోడకు పట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మ మోకాళ్ళు వంగడం తగ్గి నాలుగైదేళ్ళయింది. బేసిన్ మీద కూర్చున్నాక లేవడానికి ఒక చేయి నేలమీద, ఒక చేయి తలుపు గొళ్ళెం మీద వేసి తంటాలు పడేదట. ఈ కష్టానికి ఆమె కనుక్కొన్న ఉపాయం నీళ్ళు మానేయడం. ఎవరికీ ఖర్చులేని ఉపాయం. మాకు ఒక్క మాట చెప్పలేదు. మేమూ అడగలేదు.

మోకాళ్ళ సంగతి మా ఒక్క ఇంటిది కాదు. మా పావగడ సీమ వాన తక్కువైన సీమ, బోరు నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ హద్దు మీరి ఉంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గారతో మొదలై ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. గొంతుకూర్చోలేకపోవడం దానికి ఒక గుర్తు. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది కూడా తెలుగు నేలమీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్గొండ సంగతి మీకందరికీ తెలిసిందే. అమ్మ మోకాళ్ళకు వయసూ నీళ్ళూ రెండూ కారణమేనన్నారు డాక్టరుగారు. ఇప్పుడు తాగడానికీ వంటకూ శుద్ధినీళ్ళ క్యాన్లు తెచ్చుకొంటున్నాం. డెబ్భై ఏళ్ళు తాగినవాటిని వెనక్కు తీయలేం గదా. ఒక మాట గుర్తుంచుకోండి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. అయితే ఆ నీళ్ళతో స్నానం చేయడానికి భయం లేదు, చర్మం గుండా అది ఒంట్లోకి పోయేది లెక్కలోకి రాదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే నిర్ణయం చేసుకొన్నాం. దొడ్డిని అమ్మ దగ్గరికి తేవాలి. వంటింటి వెనక, ఇంటిని ఆనుకొని ఉన్న బచ్చలిల్లు అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. అందులో మూడోవంతు నీళ్ళపొయ్యి, దానిమీద మా అవ్వ కాలంనాటి రాగి అండా. పొయ్యి తీస్తే కమోడ్‌కు చోటు దొరుకుతుంది. పింఛను డబ్బులో నేను కేటాయించుకొన్నది 65,000 రూపాయలు.

మొదటి మేస్త్రీ వచ్చి చూసి, పైకప్పు దాకా టైల్సు, గ్రానైట్ గట్టు, గోడలో దాచిన పైపులు, అద్దం, ఇంకా ఏవేవో కలిపి లక్షా అరవై వేలన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాం. రెండో మేస్త్రీ పెద్దాయన. గది చూడకముందు అమ్మను చూపించమన్నాడు. "ఎవురి కోసమో వాళ్ళను చూస్తే గదా అయ్యవారూ కొలత తెలిసేది" అన్నాడు. పని ఆయనకే ఇచ్చాం. శ్రావణ శనివారాలు మాత్రం రానని ముందే చెప్పాడు. ఆ రోజుల్లో పావగడ శనిమహాత్మ గుడి దగ్గర జనం ఎలా ఉంటారో మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు.

అసలు అడ్డంకి అమ్మే. నీళ్ళపొయ్యి ఉన్నచోట దొడ్డి కడతామనేసరికి నిప్పుల మీద కాలేసినట్టు లేచింది. "అగ్గి ముట్టించిన చోటరా అది! ఉగాదికీ దీపావళికీ అండాకు పసుపూ కుంకుమా పెట్టిన చోటు. ఆడ దొడ్డికి కూర్చోమంటావా? నాకు వద్దు నాయనా. నేనింక ఎన్నాళ్ళు ఉంటా? దానికి ఇంత దుడ్డు ఎందుకు?"

నేను డాక్టరుగారు చెప్పినవన్నీ ఏకరువు పెట్టాను. వినలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అంటే "అది తగ్గిపాయె గదా" అంది. రెండు రోజులు మాటలు లేవు. మూడో రోజు మా ఆవిడ నెమ్మదిగా, "అత్తా, పొయ్యిని తీసేయడం లేదు, జరుపుతున్నాం. పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన నువ్వు చూపించిన చోటే పెడదాం. అండా ఆడనే ఉంటుంది. నువ్వు ఒక్కదానివే కాదు, రేపు నాకూ మోకాళ్ళు పడతాయి. నాకోసమన్నా ఒప్పుకో" అంది.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే పాత పొయ్యిరాళ్ళకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఉంది. మేస్త్రీ వచ్చాక కర్రతో పెరట్లో చోటు చూపించి, "మొదట ఇది కట్టు. మిగిలింది తర్వాత" అంది. అలాగే చేశాం.

ఇక పని సంగతి. మీలో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది నేల. పాత నేల తాడిపత్రి బండలది. నలభై ఏళ్ళుగా కాళ్ళు రాసుకొని నున్నగా అద్దంలా అయ్యాయి. సబ్బు నీళ్ళు పడితే పిల్లలైనా జారాల్సిందే. వాటిని జాగ్రత్తగా ఊడదీయించి, గరుకు వైపు పైకి పెట్టి పెరట్లో నడవడానికి దారి వేయించాం. పారేసింది ఒక్క బండ కూడా లేదు. కొత్త టైల్స్‌కు హిందూపురం వెళ్ళాను. అంగడిలో కుర్రవాడు మెరిసేవి చూపించాడు. నేను సీసాలో నీళ్ళు తీసుకుపోయాను. టైలు మీద పోసి చెప్పు విప్పి కాలితో రుద్ది చూశాను. మెరిసేవన్నీ జారాయి. మెరుపు లేని గరుకు రకం జారలేదు. అడుగు కొలత టైలే తీసుకొన్నాను. పెద్ద టైల్స్ కంటే చిన్న వాటికి అతుకులు ఎక్కువ, కాలికి పట్టు దొరుకుతుంది. గోడకు నాలుగడుగుల ఎత్తు వరకే టైల్స్, పైన సిమెంటు పూత, రంగు. పైకప్పు దాకా అంటించడం వల్ల అమ్మకు వచ్చే లాభమేమీ లేదు.

రెండోది వాలు. ఇక్కడే మాకు దెబ్బ తగిలింది. నీళ్ళు పోయే నహానీ ట్రాపు గది చివరి మూలలో ఉంది. అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం చొప్పున ఎనిమిదడుగులకు ఒక అంగుళం వాలు రావాలి. మేస్త్రీ రాని ఒక రోజు ఆయన కుర్రవాడు రసమట్టం పెట్టకుండా కంటి అంచనాతో గచ్చు వేసేశాడు. నేను పక్కనే కూర్చొని పేపరు చదువుతున్నాను. మర్నాడు ఒక బకెట్ నీళ్ళు పోసి చూస్తే సగం ట్రాపుకు పోయాయి, సగం తిరిగి వచ్చి గడప దగ్గర మడుగు కట్టాయి. అమ్మ మొదటి అడుగు వేసే చోటు అదే. పగలగొట్టి మళ్ళీ వేయించాం. టైల్స్ అంటించాక తెలిసి ఉంటే నష్టం పదింతలయ్యేది. కాబట్టి టైలు అంటించక ముందే నీళ్ళు పోసి చూడండి. అంతకంటే ముందు, నీరు దిగకుండా పూసే పూత ఆరాక, ట్రాపు మూసేసి రెండంగుళాల నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచండి. పక్క గోడ చెమ్మగిల్లకపోతేనే తరువాతి పని. ట్రాపు లోపల ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉండాలి. ఆ నీళ్ళే దుర్వాసననూ బొద్దింకలనూ ఆపుతాయి. ఊరికి వెళ్ళి నెల తర్వాత తిరిగి వస్తే వాసన వచ్చేది అవి ఎండిపోయినందుకే. ఒక చెంబు పోస్తే చాలు.

మూడోది కమోడ్ ఎత్తు. అంగట్లో మామూలుగా దొరికేవి పదిహేను, పదహారు అంగుళాలు. మోకాళ్ళ నొప్పులవారికి నేలనుంచి సీటు పదిహేడు, పద్దెనిమిది అంగుళాలుంటే లేవడం సులువు. ఖరీదైనది కొననక్కరలేదు. మామూలుదే కొని కింద రెండంగుళాల సిమెంటు దిమ్మె వేయించాం. అయితే దిమ్మె కమోడ్ అడుగు వరకే ఉండాలి. ముందుకు వస్తే కాలికి తగులుతుంది. ఫ్లష్ తొట్టికి రెండు మీటలున్నాయి. ఒకటి నొక్కితే 6 లీటర్లు, ఇంకొకటి నొక్కితే 3. మా ముగ్గురికీ కలిపి రోజుకు పదిహేను సార్లనుకొంటే, ఎప్పుడూ పెద్ద మీటే అయితే 90 లీటర్లు. నాలుగుసార్లు పెద్దది, పదకొండుసార్లు చిన్నది అయితే 57. మిగిలే 33 లీటర్లంటే రెండు బకెట్లు. బోరు ఎప్పుడు ఎండుతుందో తెలియని మా ఊళ్ళో రెండు బకెట్లు చిన్న సంగతి కాదు.

నాలుగోది పట్టుకొనే కడ్డీలు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనవి ఇవే. ఖర్చు అన్నిటికంటే తక్కువలో ఒకటి. మా ఇంటివి మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలు. అందులో మేకు దిగితే నిలవదు. మేస్త్రీ కడ్డీ వచ్చే ప్రతిచోటా గోడ తొలిచి, కాంక్రీటు దిమ్మెలు పోసి, వారం రోజులు తడిపాక బోల్టులు బిగించాడు. ఎత్తు పుస్తకంలో చూసి పెట్టలేదు. కమోడ్ మీద అమ్మను కూర్చోబెట్టి, లేవడానికి చేయి సహజంగా ఎక్కడికి పోతుందో అక్కడ బొగ్గుతో గీత గీశాం. స్నానం చేసే చోట ఒకటి, తలుపు పక్కన ఒకటి. మొత్తం మూడు. బిగించాక నేనే ఒక్కోదాన్నీ పట్టుకొని కాళ్ళు ముడిచి వేలాడాను. డెబ్భై నాలుగు కిలోలు. మా ఆవిడ నవ్వింది గానీ కడ్డీలు కదల్లేదు. తుండుగుడ్డలు వేసుకొనే సన్నని కడ్డీని మాత్రం ఈ పనికి నమ్మకండి. మనిషి బరువుకు ఊడివస్తుంది.

అయిదోది తలుపు. పాత తలుపు లోపలికి తెరుచుకొనేది. లోపల మనిషి పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం. కొత్తది బయటికి తెరుచుకొంటుంది. గొళ్ళెం బయటినుంచి కూడా తీయగలిగిన రకం. తొమ్మిదంగుళాల గడప తీసేసి, నీళ్ళు బయటికి రాకుండా అర అంగుళం గట్టు మాత్రం ఉంచాం.

ఆరోది కరెంటు. పాత గీజరే మళ్ళీ పెట్టాం. స్విచ్చి గది బయటికి మార్చాం. ఎర్తింగ్ సరిచూపించి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. రాత్రంతా వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు ఒకటి. మా పక్కనే తిరుమణి చుట్టూ దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. 2018 మార్చిలో ప్రారంభమైంది. అంత వెలుగు పుట్టే సీమలో మా అమ్మ రాత్రిళ్ళు చీకట్లో గోడలు తడుముకొంటూ నడిచిందని తలుచుకొంటే సిగ్గేసింది.

నోటుబుక్కులో ఉన్న ఖర్చు ఇది. పాతది పగలగొట్టడం, మట్టి ఎత్తడం 4,500. పైపులు, ట్రాపులు 7,800. సిమెంటు, ఇసుక, నీరు దిగని పూత 8,200. కమోడ్, ఫ్లష్ తొట్టి 6,900. టైల్స్ 9,600. మేస్త్రీ, ప్లంబరు కూలి 17,500. కడ్డీలు 2,700. తలుపు 4,300. కరెంటు పని 3,900. కుళాయిలు, చేతిషవరు, స్నానానికి జారని కాళ్ళున్న స్టూలు 2,400. మొత్తం 67,800 రూపాయలు. అనుకొన్నదానికి 2,800 ఎక్కువ. వాలు రెండుసార్లు వేసినందుకు ఆ మాత్రం జుర్మానా కట్టక తప్పదు. మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉండొచ్చు. కానీ ఒకటి గమనించండి. ఇందులో కంటికి ఇంపుగా కనిపించేదానికి పోయింది తక్కువ. మనిషిని పడకుండా కాపాడేవన్నీ టైల్స్ కిందా, గోడ లోపలా ఉన్నాయి. డబ్బు తక్కువైనప్పుడు పైమెరుగులో కోత పెట్టండి, అడుగున పెట్టకండి.

మలం పోయే నాలుగంగుళాల పైపును పదడుగులకు మూడంగుళాల వాలుతో పాత గుంతలకే కలిపాం. స్నానం నీళ్ళను అందులోకి వదలలేదు. అవి విడిగా అరటి పిలకలకూ కొబ్బరి చెట్టుకూ పోతాయి. స్నానం నీళ్ళు కూడా కలిస్తే గుంత త్వరగా నిండిపోతుంది.

మా బోరు నీళ్ళకు కుళాయిల మీద నెలకే తెల్లటి సున్నపు పొర కడుతుంది. చింతపండు పులుసో నిమ్మచెక్కో రుద్ది అరగంట ఉంచి కడిగితే పోతుంది. మాటిమాటికీ యాసిడ్ పోస్తే టైల్స్ మధ్య సిమెంటు తినేస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు మాత్రం ఎప్పుడూ కలపకండి. వచ్చే విషవాయువు చిన్న గదిలో ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంత ఖర్చు అందరివల్లా కాదని నాకు తెలుసు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక గ్రామాల్లో అర్హులైన ఇళ్ళకు 12,000 రూపాయల ప్రోత్సాహంతో మరుగుదొడ్లు వచ్చాయి. మంచి పని. అయితే మా చుట్టుపక్కల కట్టినవాటిలో ఎక్కువ మెట్లెక్కి గొంతుకూర్చోవాల్సినవే. ఇంటికి దొడ్డి ఉందా లేదా అన్నది లెక్కపెట్టాం, ఇంట్లో మోకాళ్ళు ఎన్ని అన్నది లెక్కపెట్టలేదు. అలాంటి ఇళ్ళలో గోడలూ నేలా ముట్టుకోకుండానే కొంత చేయొచ్చు. పాత బేసిన్ మీద పెట్టుకొనే, మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీలు పట్టణాల్లో మందుల సామాన్ల అంగళ్ళలో దొరుకుతాయి. వాటి కాళ్ళకు రబ్బరు తొడుగులు ఉండాలి. కుర్చీ కదలకుండా ఉందో లేదో మనం కూర్చొని చూసి పెద్దవాళ్ళకు ఇవ్వాలి. మెట్ల పక్కన పాతిన ఒక ఇనుప పైపు, ఒక చిన్న బల్బు, రాత్రికి మంచం పక్కన మూతున్న పాత్ర. ఇంతమాత్రానికే ఒక ముసలి ప్రాణం రాత్రి నిద్ర నిశ్చింతగా పోతుంది.

పని పూర్తయిన రోజు అమ్మ లోపలికి పోయి చాలాసేపు రాలేదు. మాకు కంగారు పుట్టి తలుపు దగ్గర నిలబడ్డాం. బయటికి వచ్చి, "ఏంటికి అట్ల నిలబడినారు? కొత్త పెండ్లికూతుర్ని చూసినట్లు!" అని కసిరింది. గది గురించి ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు. పండగకు పెరట్లో అండా కింద తనే పుల్లలు సర్దింది. ఆ నీళ్ళు మాత్రం మేమే మోసి లోపల పోశాం.

ఆ రాత్రి పడుకొనే ముందు వంటింట్లో చప్పుడైంది. చూస్తే అమ్మ. బిందెలోంచి గ్లాసు ముంచుకొని, గోడకు ఆనుకొని, నిలబడే గటగటా తాగేసింది. ఇంకో అర గ్లాసు కూడా ముంచుకొంది. నేను చీకట్లోనే నిలబడిపోయాను. మర్నాటినుంచి నా నోటుబుక్కులో కొత్త పద్దు చేరింది. అమ్మ, నీళ్ళు. ఈ నెల సగటు రోజుకు ఆరు గ్లాసులు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే, ఎక్కడో దూరాన ఊళ్ళో ఒంటరిగా ఉంటే మరీనూ, ఈసారి ఫోనులో "బాగున్నావా" అని అడిగి ఊరుకోకండి. బాగున్నాననే అంటారు. సెలవులకు వెళ్ళినప్పుడు ఒక రోజంతా ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో చూడండి. వాళ్ళు వాడే దొడ్డికి మీరు దీపం లేకుండా ఒకసారి వెళ్ళి రండి. ఆ తరువాత మేస్త్రీని పిలవాలా, ఇనుప పైపు కొనాలా అన్నది మీకే తెలుస్తుంది.

మీ ఇళ్ళలో ఇలాంటి మార్పులు ఏమైనా చేసుకొని ఉంటే, ఖర్చుతో సహా రాసి పంపండి. పదిమందికీ పనికొస్తుంది. వచ్చే సంచికలో వానాకాలానికి ముందు మిద్దె చూసుకోవడం గురించి ముచ్చటించుకొందాం. అంతవరకు సెలవు.